నవీకరణము – వినియోగదారుని స్వాతంత్ర్యము

రాత్రి పదిగంటలవేళ చేతిఫోనుపై ఒక ప్రకటన కనబడును. క్రొత్త కూర్పు సిద్ధముగా నున్నదట; ఇప్పుడే స్థాపింపవలెనా, తరువాత స్థాపింపవలెనా అని ప్రశ్న. “వద్దు” అను మీట సామాన్యముగా కానరాదు. విసిగి వ్రేలు మోపినవాడు తెల్లవారి చూచుకొనునప్పటికి ఫోను క్రొత్త హంగులతో మెరయుచుండవచ్చును, కుంటినడక నడచుచుండవచ్చును. ఇది ఇంటిలోని గొణుగుడుగానే మిగిలిపోలేదు. ఐఓఎస్ 18 నవీకరణము తరువాత ఐఫోనుల పనితీరు చెడినదని జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు ఫిర్యాదులు రాగా, 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆపిల్ సంస్థకు నోటీసు పంపెను.

వివాదమునకు మూలమైన వస్తువు కంటికి కనబడునది కాదు. యంత్రమును మేల్కొలిపి, తెరను వెలిగించి, బాటరీని అదుపులో నుంచు ఆజ్ఞల సముదాయమునకు ఫర్మ్‌వేర్ అని పేరు. దానిమీద నడచునది ఆపరేటింగ్ సిస్టమ్. సామాన్యుని వాడుకలో రెండును “అప్‌డేట్” అను ఒక్కమాటలో ఇమిడిపోవును. సొమ్ము చెల్లించినవానికి గాజును లోహమును సొంతమగును. లోని ఆజ్ఞలపై దొరకునది వాడుకొను అనుమతి మాత్రమే.

ఈ స్థితి ఎట్లు పరిణమించెనో తెలియవలెనన్న ఇరువదియేండ్లు వెనుకకు పోవలెను. ఫిన్లాండు దేశపు నోకియా సంస్థ 2005 లో 770 అను చేతి ఇంటర్నెట్ సాధనమును విడుదల చేసెను. అది ఫోను కాదు. నాలుగంగుళముల తెరపై వైఫైద్వారా ఇంటర్నెట్ చూచుకొనుటకు చేసిన పరికరము. లోపల లైనక్స్ ఆధారముగా నిర్మించిన మేమో అను వ్యవస్థ యుండెను. నాడు దానిని కొన్నవారి నవీకరణానుభవము నేటి విద్యార్థులకు పురాణకథవలె తోచును. ముందుగా బాటరీని నింపవలెను. పరిచితుల చిరునామాలను, గుర్తుపెట్టుకొన్న పుటల జాబితాను మెమొరీ కార్డునకు ఎత్తిపెట్టవలెను. పిమ్మట యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు తగిల్చి క్రొత్త ఫర్మ్‌వేరును ఎక్కింపవలెను. ఆ కొద్ది నిమిషములలో తీగ కదలిన ఏమగునోయని బెంగ. పని సఫలమైనను, స్వయముగా చేర్చుకొన్న ప్రోగ్రాములన్నియు తుడిచిపెట్టుకొని పోవును. వానిని ఒక్కొక్కటిగా మరల చేర్చుకొనవలెను. కొన్ని క్రొత్త వ్యవస్థపై నడువనే నడువవు; వ్రాసినవారు తిరిగి సిద్ధపరచువరకు వేచియుండవలసినదే. పండుగకు సున్నము వేయుటకై ఇల్లంతయు ఖాళీచేసి, సామాను మరల సర్దుకొనునప్పుడు సగము వస్తువులకు చోటు కుదరనట్లుండెను వారి పని.

అయినను వారు ఉత్సాహముతోనే చేసిరి. 2006 నాటి కూర్పువలన అదే సాధనముతో ఇంటర్నెట్‌మీద మాటలాడుటకు వీలు కలిగెను. బొటనవ్రేళ్ళతో టైపుచేయుటకు అనువైన పెద్ద అక్షరముల పలక తెరపై వచ్చెను. పైకము చెల్లింపకయే పాతవస్తువు క్రొత్త విద్య నేర్చెను. నచ్చనిచో పాత ఫర్మ్‌వేరును మరల ఎక్కించుకొనుటకును అవకాశముండెను. ఈ చివరిమాట నేటి పాఠకుడు గుర్తుంచుకొనదగినది.

దెబ్బయు త్వరలోనే తగిలెను. 2007 జనవరిలో ఎన్800 అను సాధనము వెలువడెను. దానితో వచ్చిన క్రొత్త వ్యవస్థ 770 కు అధికారికముగా లభింపలేదు. కొని యేడాది దాటినదో లేదో, తమ వస్తువు ముసలిదని ముద్రపడినందుకు వినియోగదారులు నొచ్చుకొనిరి. తరువాత సంస్థయే “హ్యాకర్ ఎడిషన్” అను పేర, ఎట్టి బాధ్యతయు వహింపక, ఆ వ్యవస్థను 770 కొరకు విడుదల చేసెను. మెమొరీ చాలక అది కొంత తడబడిన మాట నిజమే. కాని నడచెను. ముసలితనము యంత్రమునకు వచ్చినదా, వ్యాపారపు లెక్కలలో వచ్చినదా అను సందేహము అప్పుడు పుట్టినది, ఇప్పటికిని తీరలేదు.

2008 లో ఎన్800, ఎన్810 సాధనములకు తీగతో పనిలేని, ఉన్నవానిని చెరపని పద్ధతి వచ్చెను. నేడు అందరికి పరిచితమైనది ఆ సుఖమే. అయితే సుఖము పెరిగినకొలది వెనుకకు మరలు త్రోవ మూసికొనిపోయెను. ఆపిల్ సంస్థ క్రొత్త కూర్పు వెలువడిన కొద్దికాలమునకే పాతదానిని ధ్రువీకరించుట మానును. ఆ ధ్రువీకరణము లేనిదే ఐఫోను దానిని స్వీకరింపదు.

మూసిన త్రోవ వెల ఎంతయో 2017 లో తేలెను. ఆ యేడు జనవరిలో విడుదలైన ఐఓఎస్ 10.2.1, బాటరీ ముదిరిన ఫోనులు హఠాత్తుగా ఆగిపోకుండుటకై వాని వేగమును తగ్గించెను. ఉద్దేశము తప్పు కాదు; చెప్పకపోవుటయే తప్పు. డిసెంబరులో సంగతి బయటపడగా సంస్థ క్షమాపణ చెప్పి, బాటరీ మార్పిడి వెలను 79 డాలర్లనుండి 29 డాలర్లకు తగ్గించెను. ఈలోగా బాటరీ మార్చవలసినచోట ఫోనునే మార్చినవారెందరో! 2018 అక్టోబరులో ఇటలీ పోటీవ్యవహారముల సంస్థ ఆపిల్‌పై కోటి యూరోలు జరిమానా విధించెను. గాలక్సీ నోట్ 4 కొన్నవారిని అది మోయలేని నవీకరణమునకు పురికొల్పినందుకు శాంసంగ్‌పై మరి 50 లక్షల యూరోలు విధించెను. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ఆపిల్‌పై విధించిన జరిమానా రెండున్నరకోట్ల యూరోలు. వినియోగదారులు పాత కూర్పునకు మరలలేకపోయిన సంగతిని ఫ్రెంచి అధికారులు ప్రత్యేకముగా పేర్కొనిరి.

అట్లని నవీకరణమే వలదనుట అవివేకము. 2015 లో ఆండ్రాయిడ్ వ్యవస్థలో స్టేజ్‌ఫ్రైట్ అను లోపము బయటపడెను. ఒక్క చిత్రసందేశముతో పరుల ఫోనులో చొరబడుటకు అది వీలు కల్పించెను. గూగుల్, శాంసంగ్ సంస్థలు నెలనెల భద్రతా నవీకరణములకు పూనుకొన్నది ఆ తరువాతనే. తెలుగువారికి మరింత దగ్గరి యుదాహరణము కలదు. 2018 ఫిబ్రవరిలో, “జ్ఞా” అను అక్షరము నడుమ కంటికి కనబడని సంకేత మొకటి చేరి వచ్చినప్పుడు, ఐఓఎస్ 11.2.5 దానిని తెరపై చిత్రింపలేక మూర్ఛిల్లెను. సందేశము చూపవలసిన అప్లికేషను మూసికొనిపోయెను. కొన్ని ఫోనులు మరల మరల మొదలగుచు కుదుటపడకపోయెను. జ్ఞానశబ్దపు తొలియక్షరమే అంతటి యంత్రమునకు కొరుకుడు పడకపోవుట తెలుగు పండితులకు కొంత వినోదము కూడ! ఫిబ్రవరి 19 న వచ్చిన 11.2.6 కూర్పు ఆ రోగమును కుదిర్చెను. నవీకరణము నిరాకరించినవాని ఫోనులో అది అట్లే యుండును.

కనుక వివాదము నవీకరణము కావలెనా వలదా అనుదానిపై కాదు. ఎంతకాలము, ఎవరి సమ్మతితో అనుదానిపై. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలునకు వచ్చిన నియమము ఒక నమూనా ఫోను విక్రయము ముగిసిన పిదప కనీసము ఐదేండ్లు నవీకరణములు లభింపవలెననుచున్నది. బ్రిటనులో భద్రతా నవీకరణములు ఎంతకాలము లభించునో ప్రకటించుట 2024 ఏప్రిల్ 29 నుండి విధి యయ్యెను. భారతదేశములో 2025 మే నెలలో కేంద్రమునకు అందిన నివేదిక, మరమ్మతునకు అనువైన వస్తువులకు మార్కులు వేయు పద్ధతిని సూచించుచు, సాఫ్ట్‌వేర్ నవీకరణములనుకూడ లెక్కలోనికి తీసికొనెను. మార్కులు వేయుట వేరు, గడువు శాసించుట వేరని ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయులకు ఇది దూరపు విషయమును కాదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ముఖము గుర్తించు హాజరు పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు, సొంత ఫోనులలో ఆ అప్లికేషను వాడుటకు ఉపాధ్యాయసంఘములు అభ్యంతరము తెలిపినవి. ఉద్యోగధర్మము సొంత ఫోనుపై ఆధారపడిన చోట చిక్కు ఇట్లుండును: అప్లికేషను క్రొత్త వ్యవస్థను కోరును, తయారీదారు పాతఫోనునకు దానిని పంపడు, ఫోను మాత్రము చెడలేదు. క్రొత్త ఫోను వెల జీతములోనుండియే పోవలెను. కెమెరా బలమును, బాటరీ శక్తిని పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేయు సంస్థలు, నవీకరణములు నిలిచిపోవు సంవత్సరమునుకూడ ఆ ప్రక్కనే వేయుట కష్టము కాదు. అంతవరకు కొనువాడు అంగడిలో ఆ సంవత్సరమును అడిగి తెలిసికొనవలెను. అమ్మువాడు ఆ ప్రశ్న విని తెల్లబోవచ్చును, మరల అడుగవలెను.