పట్టా చేతికొచ్చాక ఎదురుచూపు ఎంతకాలం?

శ్రీ విజయపురంలోని డైరీ ఫార్మ్ ప్రాంతంలో, ఆ మాటకొస్తే 2024 సెప్టెంబరు వరకు పోర్ట్‌బ్లెయిర్‌గా పిలిచిన ఈ పట్టణంలోని ఏ తెలుగు ఇంట్లోనైనా, డిగ్రీ ఫలితాలు వెలువడిన వెంటనే వినిపించే ప్రశ్న ఒకటే: నోటిఫికేషన్ ఎప్పుడు? నోటిఫికేషన్ అంటే ప్రభుత్వ ఉద్యోగ ప్రకటన అని వేరుగా చెప్పనవసరం లేదు. ఆ ప్రకటన కోసం ఎదురుచూస్తూ గడిచే కాలాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తీసుకోవలసిన అవసరాన్ని కేంద్ర గణాంక శాఖ అంకెలే చెబుతున్నాయి.

2022 జూలై నుంచి 2023 జూన్ వరకు జరిగిన శ్రామిక శక్తి సర్వే ప్రకారం, 15 ఏళ్లు దాటిన పట్టభద్రులలో నిరుద్యోగ రేటు దేశం మొత్తం మీద 13.4 శాతం. అండమాన్ నికోబార్ దీవులలో అది 33 శాతం. దేశంలో అత్యధికం ఇదే. తరువాతి స్థానంలో లద్దాఖ్ 26.5 శాతంతో ఉండగా, మూడవ స్థానంలో 24 శాతంతో ఆంధ్రప్రదేశ్ నిలిచింది. అంటే తాతలు విడిచి వచ్చిన రాష్ట్రం, తండ్రులు స్థిరపడిన దీవులు రెండూ ఈ జాబితాలో పైవరుసలోనే ఉన్నాయి. డైరీ ఫార్మ్‌లోని తెలుగు పట్టభద్రునికి ఈ అంకెలు రెండు వైపుల నుంచీ వర్తిస్తాయి.

ఈ శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. ప్రతి ముగ్గురు పట్టభద్రులలో ఒకరు ఖాళీగా ఉన్నారని దీని అర్థం కాదు. పని చేస్తున్నవారిని, పని వెతుకుతున్నవారిని కలిపి వందమందిగా తీసుకుంటే, వారిలో 33 మందికి పని దొరకలేదని అర్థం. పై చదువుల్లో ఉన్నవారు, పని కోరనివారు ఈ లెక్కలోకి రారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా 3,80,581 మాత్రమే. ఇంత చిన్న ప్రాంతంలో సర్వేకు దొరికే కుటుంబాలు కూడా తక్కువే కనుక ఏడాదికీ ఏడాదికీ అంకె కొంత ఊగిసలాడుతుంది. అయినా చండీగఢ్‌లో 5.6 శాతం ఉన్న రేటు ఇక్కడ 33కు చేరడాన్ని కేవలం సర్వే లోపంగా కొట్టిపారేయలేము.

కారణం దీవుల ఆర్థిక వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది. ఇక్కడ నెలజీతానికి ప్రధాన ఆధారం ప్రభుత్వ యంత్రాంగమే. పెద్ద పరిశ్రమలు లేవు. ప్రైవేటు రంగమంటే ఎక్కువగా దుకాణాలు, హోటళ్లు, కాంట్రాక్టు పనులు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు, నిర్మాణ పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు వానాకాలంలో వేట ఆగితే ఇల్లెలా గడుస్తుందో చూసినవే. అటువంటి ఇంట్లో మొదటిసారి పట్టా పుచ్చుకున్న కుమారుడో కుమార్తెయో ప్రభుత్వ కొలువులో చేరాలని తల్లిదండ్రులు కోరుకోవడంలో తప్పేమీ లేదు. అక్కడ జీతం ఎక్కువ, భద్రత ఎక్కువ, ఊరు విడిచి వెళ్లనక్కర లేదు. కాబట్టి ఎదురుచూడటం తెలివితక్కువతనం కాదు. ఆ ఎదురుచూపుకు గడువు పెట్టుకోకపోవడమే ప్రమాదం.

ఎదురుచూపు ఖరీదును ఒక చిన్న లెక్కతో చూద్దాం. నెలకు 15 వేల రూపాయల పనిని కాదనుకుని మూడేళ్లు పరీక్షలకే కేటాయిస్తే వదులుకున్నది 5 లక్షల 40 వేల రూపాయలు. అయితే అసలు నష్టం డబ్బు కాదు. మూడేళ్ల తరువాత ఇంటర్వ్యూకు వెళ్లిన అభ్యర్థిని యజమాని అడిగే మొదటి ప్రశ్న, ఈ మూడేళ్లు ఏం చేశారు అని. మరోవైపు వయోపరిమితి ముంచుకొస్తుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే పట్టభద్ర స్థాయి పరీక్షలో చాలా పోస్టులకు సాధారణ వర్గం అభ్యర్థులకు గరిష్ఠ వయసు 30 ఏళ్లు. సివిల్ సర్వీసెస్‌కు 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. 21 ఏళ్లకు పట్టా పొందినవారికి ఇది చాలా కాలంలా కనిపిస్తుంది. ప్రకటనకూ తుది ఫలితానికీ మధ్య ఏడాది దాటే సందర్భాలు తెలిసినవారికి అలా కనిపించదు.

అందువల్ల ఈ విశ్లేషణ సూచించేది ఇదే: రెండు పూర్తి పరీక్షా చక్రాలను గడువుగా పెట్టుకోవాలి, ఆ గడువులో కూడా ఏదో ఒక పని చేస్తూనే ఉండాలి. ఉదయం నాలుగు గంటలు చదివి మధ్యాహ్నం నుంచి ఒక లెక్కల కార్యాలయంలోనో, ప్రయాణ ఏజెన్సీలోనో, ట్యూషన్ కేంద్రంలోనో పనిచేసేవారు పరీక్షలో వెనుకబడతారన్నది అపోహ. రోజంతా పుస్తకం ముందు కూర్చున్నవారందరూ రోజంతా చదవరని ప్రతి ఇంటికీ తెలుసు.

ఇక రిజర్వేషన్ల సంగతి. ఇక్కడి తెలుగు యువత తరచుగా ఆలస్యంగా తెలుసుకునే విషయం ఇది. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితా అంటూ ఏదీ ప్రకటించలేదు. దీవుల ఓబీసీ జాబితా కూడా ప్రధాన భూభాగంలో వలె కులాల పేర్ల మీద కాక, వలస చరిత్ర మీద ఆధారపడింది. 1942కు ముందు నుంచి ఉన్న స్థానికులు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవారు, కరెన్‌లు, మాప్లాలు, భంటులు అందులో ఉన్నారు. శ్రీకాకుళంలో పెదనాన్న పిల్లలు బీసీ ధ్రువపత్రంతో దరఖాస్తు చేస్తుంటే, అదే వంశంలో పుట్టిన డైరీ ఫార్మ్ పిల్లలకు ఇక్కడ ఆ అవకాశం లేకపోవచ్చు.

సరే, ఆంధ్రప్రదేశ్‌కే వెళ్లి దరఖాస్తు చేద్దామంటే అక్కడ మరో అడ్డంకి ఉంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికతను ప్రధానంగా చదివిన చోటును బట్టి, నివసించిన చోటును బట్టి నిర్ణయిస్తాయి. మాతృభాష తెలుగు కావడం, పూర్వికుల ఊరు అక్కడ ఉండటం లెక్కకు రావు. బాల్యం నుంచి దీవులలోనే చదివినవారు అక్కడ స్థానికేతరులే. ఇక్కడ ఉన్న స్థానిక ధ్రువపత్రం అక్కడ పనికిరాదు, అక్కడి కుల ధ్రువపత్రం ఇక్కడ పనికిరాదు. రెండు వైపులా చుట్టాలే, పంక్తిలో మాత్రం చోటు లేదన్నట్టు ఉంటుంది పరిస్థితి. ఈ విధానంపై చర్చ వేరు. పట్టభద్రుడు చేయవలసింది, ఏ వర్గం కింద దరఖాస్తు చేయవచ్చో ఫారం నింపే రోజున కాక, చివరి సంవత్సరం చదువుతుండగానే తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం. ఎంపికైన తరువాత ధ్రువపత్రాల పరిశీలనలో చిక్కుబడితే ఒక ఏడాది మొత్తం పోతుంది.

కాగితాల ప్రస్తావన వచ్చింది కనుక ఇంటిపేరు గురించి ఒక మాట. తెలుగువారి ఇంటిపేరు పదవ తరగతి పత్రంలో ఒక పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకు ఖాతాలో పేరు చివర ఉండటం సర్వసాధారణం. కంప్యూటరు దృష్టిలో ఆ ముగ్గురూ వేర్వేరు మనుషులు. జవాహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం వంటి స్థానిక కళాశాలల్లో చదివిన తరాల పట్టాలు పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పేరుతో జారీ అయ్యాయి. వాటిలో ఒక్క అక్షరం దిద్దించాలన్నా వ్యవహారం సముద్రం దాటాలి. ఉద్యోగం వచ్చాక పరుగెత్తడం కన్నా, ఇప్పుడే పదవ తరగతి పత్రాన్ని ప్రమాణంగా పెట్టుకుని మిగిలినవన్నీ సరిచేయించుకోవడం మేలు.

దీవులలోనే అవకాశాలు లేవా అంటే, ఉన్నాయి. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున ఈ దీవులను కలిపింది. అంతకుముందు ఉపగ్రహ ఇంటర్నెట్‌తో ఒక దరఖాస్తు పంపడమే కష్టంగా ఉండేది. ఇప్పుడు ఇంటి నుంచే లెక్కలు రాయడం, బోధించడం, సాఫ్ట్‌వేర్ పని చేయడం సాధ్యమే. మత్స్యరంగంలో ట్యూనాపై కేంద్రం దృష్టి పెట్టింది. జంగ్లీఘాట్ రేవులో చేపల వ్యాపారం తెలిసిన తెలుగు కుటుంబాలకు శీతలీకరణ, నాణ్యత పరీక్ష, ఎగుమతి పత్రాల పని తెలిసిన పట్టభద్రుడు ఇంట్లో ఉంటే లాభమే. పర్యాటకం సుమారుగా అక్టోబరు నుంచి మే వరకే పుంజుకుంటుంది కనుక ఆ జీతాన్ని పన్నెండు నెలలకు భాగించి చూసుకోవాలి. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు అంచనా వ్యయం 72 వేల కోట్ల రూపాయలని విని, దాని మీద ఆశతో ఇప్పుడు ఇంట్లో కూర్చోవడం మాత్రం తగదు. అది దశాబ్దాల మీద సాగే పని.

చాలామంది చివరకు చెన్నై, హైదరాబాద్, విశాఖపట్నం వైపు ప్రయాణమవుతారు. మొదటి జీతం చేతికి రావడానికి నెల పైనే పడుతుంది. ఈలోగా అద్దె, అడ్వాన్సు, భోజనం, రాకపోకలు అన్నీ సొంత ఖర్చే. మూడు నెలల ఖర్చు చేతిలో లేకుండా బయలుదేరినవారు మొదట దొరికిన పనికే తలవంచవలసి వస్తుంది. నియామక పత్రంలో నెలజీతం అంకెతో పాటు భవిష్యనిధి కోత ఎంత, చేతికి వచ్చేది ఎంత, మధ్యలో మానేస్తే చెల్లించవలసిన బాండు ఏమైనా ఉందా అనేవి సంతకానికి ముందే చదవాలి. అసలు పట్టాలను యజమాని వద్ద తాకట్టు పెట్టినట్లు ఉంచవద్దు. చూపించి, నకళ్లు ఇచ్చి, వెనక్కు తీసుకోవాలి.

ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు వెలుగులోకి తెచ్చిన ఉదంతం తెలిసిందే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి యువకులను కంబోడియాకు పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించారు. మోసపోయినవారిలో చదువుకున్నవారూ ఉన్నారు. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడాలి. నమోదైన ఏజెంటు వసూలు చేయదగిన గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. పర్యాటక వీసాపై వెళ్లమని చెప్పిన క్షణంలోనే ఆ మాట ఆపేయవచ్చు. డబ్బు ఇప్పటికే బదిలీ అయి ఉంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్ము ఖాతాల మధ్య చేతులు మారిపోతుంది.