తీగ చెప్పే సంగతి



ఇనుప తీగను అటూ ఇటూ వంచి చూడండి. ఒక్క వంపుకు తెగదు. పదే పదే వంచితే పుటుక్కుమంటుంది. లోహానికి అలసట అంటే అదే. మన తీరంలోని శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ రాకెట్ లేచినప్పుడు, 2.8 మీటర్ల వ్యాసమున్న మారేజింగ్ అనే అతి దృఢమైన ఉక్కు గొట్టం లోపలి మంటను అదిమిపెడుతుంది. జేబులోని ఫోను ఎటు తిరిగిందో పసిగట్టే సిలికాన్ భాగాలు వెంట్రుకకన్నా సన్నం. తేమగాలిలో ఊగి ఊగి అవీ అలసిపోగలవు.

కృష్ణపట్నం రేవు క్రేన్లకూ, మన పడవల మేకులకూ ఉప్పుగాలి నిత్యం తగిలే ఈ తీరంలో, మా రచనలన్నిటినీ కలిపే దారం ఒక్కటే: బలాన్ని తేల్చేది నమ్మకం కాదు, పరీక్ష. చదవండి, మీ అనుభవాలూ రాసి పంపండి.