ఆ 2035 ఎక్కడిది?

2008లో మా సంఘం సమావేశంలో మైకు ముందు నిలబడి నేనో మాట చెప్పాను. "2035 నాటికి హిమాలయాల్లో హిమానీనదాలు ఉండవు. ఇది జోస్యం కాదు, సైన్సు." చప్పట్లు మోగాయి. ఆ అంకె ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. అదే మాట ఏ జ్యోతిష్కుడో చెబితే అందరికంటే ముందు నేనే లేచి అడిగేవాణ్ణి!

అంకె ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో ఉంది. దానికి ఆధారం డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. సంస్థ 2005లో వేసిన ఒక నివేదిక. దానికి ఆధారం 1999లో న్యూ సైంటిస్ట్ పత్రికలో వచ్చిన వార్త. ఆ వార్తకు ఆధారం, ఢిల్లీ జె.ఎన్.యు.లో అప్పుడు పనిచేస్తున్న శాస్త్రజ్ఞుడు సయ్యద్ ఇక్బాల్ హస్నైన్ మాటలు. రాసిన విలేఖరి ఫ్రెడ్ పియర్స్. అందులో ఉన్నది మధ్య, తూర్పు హిమాలయాల గురించే. ఐపీసీసీ దగ్గరికొచ్చేసరికి మొత్తం హిమాలయాలయ్యాయి. తన పరిశోధనా పత్రాల్లో 2035 అని ఎక్కడా రాయలేదని 2010లో హస్నైన్ చెప్పారు. అంటే పదేళ్ళకు పైగా లోకమంతా తిరిగిన అంకెకు వెనక పత్రమే లేదు.

"విలేఖరులింతే, సైన్సును పాడుచేస్తారు" అని మనవాళ్ళు అనేస్తారు. నేనొప్పుకోను. 2010 జనవరిలో ఈ గొలుసును బయటపెట్టినవాళ్ళలో ఆ పియర్సే ఒకరు. తన పాత వార్తనే తవ్వుకుని మళ్ళీ రాశాడు. అదే నెలలో కెనడా శాస్త్రజ్ఞుడు గ్రాహం కాగ్లీ, మరి ముగ్గురు కలిసి సైన్స్ పత్రికలో లేఖ రాశారు. ఐపీసీసీ విచారం ప్రకటించింది. ఐపీసీసీలో అన్ని వందలమంది శాస్త్రజ్ఞులుండి, అంతకుముందు పట్టుకోలేదెందుకు?

నన్నడిగితే, విలేఖరి అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇది అచ్చయిందా? అయితే పత్రం ఇవ్వండి." అచ్చు కాకపోతే ఆ సంగతి కూడా వార్తలో రాయాలి. శాస్త్రజ్ఞుడు ఫోనులో అంకె చెప్పి ఊరుకోకూడదు, తన పేరుతో వచ్చే వాక్యాన్ని చదివి వినిపించమనాలి. అలా చూపించడం పత్రికా స్వేచ్ఛకు భంగమని కొందరు పాత్రికేయ మిత్రులు కోప్పడతారు. హెడ్డింగు మీది, విమర్శ మీది, వాటి జోలికి ఎవరూ రారు. కానీ అంకె మీది కాదు కదా?

ఆ ఒక్క అంకె ఎంత నష్టం చేసిందో నాకు 2019లో తెలిసింది. ఖాట్మండులోని ఐసీఐఎంఓడీ ఆ ఏడాది పెద్ద నివేదిక వెలువరించింది. భూతాపం పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపినా, 2100 నాటికి హిందూకుష్-హిమాలయ ప్రాంతపు హిమానీనదాల్లో మూడో వంతు పోతాయన్నది అందులోని అంచనా. ఈసారి పేజీ నంబరుతో సహా రాసుకుని వెళ్ళి మా సమావేశంలో చెప్పాను. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచాడు.

"అప్పుడు 2035 అన్నది కూడా మీరే కదండీ?"