కడుపు జబ్బుకూ ధర్మకర్తలు కావాలి

తమిళనాడు తేని జిల్లా ఆండిపట్టిలో చూపు మందగించిన పెద్దావిడకు ఎక్కడికి వెళ్లాలో తెలుసు. ఊళ్లోనే అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ల దృష్టి కేంద్రం ఉంది. అక్కడి అమ్మాయి కళ్లు పరీక్షించి, కంప్యూటర్ తెర మీద డాక్టరుతో మాట్లాడిస్తుంది. ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి, ఎప్పుడు రావాలో చెప్పి పంపిస్తుంది. అదే ఊరి పక్కన సక్కంపట్టిలోనో, టి. సుబ్బులాపురంలోనో పొద్దున్నే టీ తాగి మగ్గం ఎక్కి, మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా పనిచేసే నేతగాడికి నెలల తరబడి కడుపులో మంట ఉంటే, అతను వెళ్లేది మందుల షాపుకు. నడుంనొప్పికి ఒక మాత్ర, ఆ మాత్ర తెచ్చిన మంటకు ఇంకో మాత్ర. రెండూ కలిపి ఒకే పొట్లంలో కట్టిస్తారు. పుండు నుంచి రక్తం కారి నల్లగా విరేచనం అయ్యేదాకా అతను ఆసుపత్రి గడప తొక్కడు.

దగ్గరలో వైద్యం లేక కాదు. ఆండిపట్టి నుంచి తేనికి వెళ్లే దారిలో, ఈ తాలూకాలోనే, కానావిలక్కు దగ్గర ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అది వచ్చింది 2004లో. లేనిదల్లా ఆ నేతగాణ్ని షాపు నుంచి ఆసుపత్రి దాకా తీసుకెళ్లి, మందు పూర్తయ్యేదాకా వెంట ఉండే ఏర్పాటు. ఆ పని ప్రభుత్వానికి చేతకాదు, ప్రైవేటు ఆసుపత్రికి గిట్టుబాటు కాదు. ధర్మసంస్థ చేయాల్సిన పని అది. ధర్మసంస్థ నిలిచేది జీతం పుచ్చుకోకుండా దాని బాధ్యత మోసే ధర్మకర్తల మీద.

ఈ ప్రాంతపు తెలుగువాళ్లకు ట్రస్టు పెట్టడం కొత్త విద్య కాదు. పదహారో శతాబ్దంలో మదురై నాయకుల పాలనతో వచ్చి బోడినాయకనూరు, గండమనాయకనూరు లాంటి పాళెగాళ్ల సీమల్లోనూ, దక్షిణాన కరిసల్ అనే నల్లరేగడి నేలల్లోనూ, పడమర కోయంబత్తూరు వైపూ స్థిరపడిన కుటుంబాలు ఇరవయ్యో శతాబ్దానికి పత్తిలోనూ మిల్లుల్లోనూ సంపాదించాయి. ఆ సంపాదనలో కొంత ధర్మానికి కట్టడం చాలా ఇళ్లలో రివాజుగా మారింది. కోయంబత్తూరు పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తి పంచుకునేటప్పుడు దాన్ని నాలుగు భాగాలు కాక ఐదు భాగాలు చేసి, ఐదో వాటాను ధర్మానికి రాశారు. అలా 1926లో పుట్టిందే పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్. నేడు దాని కింద ఇంజనీరింగ్ కళాశాల, వైద్య కళాశాల, ఆసుపత్రి నడుస్తున్నాయి. లక్ష్మీ మిల్లు పెట్టిన జి. కుప్పుస్వామి నాయుడి పేర కోయంబత్తూరులో 1952లో వెలసిన ఆసుపత్రి ఇంకొకటి. తేనిలో కమ్మవార్ సంఘం కళాశాలలు నడుపుతోంది. ఇవ్వడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. బోర్డులో కూర్చుని అడగడం దగ్గరే మన అలవాటు ఇంకా పండలేదని నా అభిప్రాయం.

వీటన్నిటిలోకీ ఎక్కువ చెప్పుకోవలసింది అరవింద్ కథే. ఎట్టయపురం దగ్గర వడమలాపురంలో తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగం అధిపతిగా చేసి 1976లో, 58 ఏళ్లకు రిటైరయ్యారు. కీళ్లవాతంతో వంకర తిరిగిన వేళ్లతోనే వేల ఆపరేషన్లు చేసిన మనిషి. రిటైరైన ఏడాదే తోబుట్టువులతో కలిసి గోవెల్ ట్రస్టు పెట్టి, మదురై అణ్ణానగర్‌లో 11 పడకలతో కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. డబ్బు పుట్టకపోతే ఇల్లు తాకట్టు పెట్టారు, ఇంట్లో ఆడవాళ్ల నగలు కుదువకు వెళ్లాయి. చెల్లెలు, బావ, తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు అందరూ అందులోనే పనిచేశారు. డబ్బివ్వగలిగినవాళ్ల రుసుముతో ఇవ్వలేనివాళ్ల ఆపరేషన్లు జరిపే పద్ధతి వాళ్లు నిలబెట్టారు. కంటిలో పెట్టే కటకం విదేశాల నుంచి తెస్తే పేదవాడికి అందదని 1992లో అరోల్యాబ్ పెట్టి ఇక్కడే తయారుచేశారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ల సాయంతో తేని ఆసుపత్రిని పల్లెల్లోని దృష్టి కేంద్రాలతో వైఫై ద్వారా కలిపారు. ఆండిపట్టి పెద్దావిడకు అందుతున్న సేవ వెనక యాభై ఏళ్ల ట్రస్టు కృషి ఉంది.

ఇదే పద్ధతి కడుపుకు పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. కారణం జబ్బు స్వభావంలోనే ఉంది. శుక్లం తీయడం ఒక పూట పని. మర్నాడు కట్టు విప్పితే చూపు వస్తుంది. ఎన్ని ఆపరేషన్లు చేశారో లెక్కపెడితే ఎందరికి చూపు వచ్చిందో ఇంచుమించు తెలిసిపోతుంది. దాత వచ్చి చూసినా, ధర్మకర్త అడిగినా ఆ అంకె సమాధానం చెబుతుంది. కడుపు జబ్బులో అలాంటి రోజు లేదు. అల్సర్, కాలేయం చెడటం, పేగు పూత, పిల్లల విరేచనాలు, పెద్దపేగు క్యాన్సర్, ఏళ్ల తరబడి తినాలంటేనే భయపెట్టే అజీర్తి, వీటిలో ఏ ఒక్కటీ ఫొటోకు అందదు. పైగా సిగ్గు. మలంలో రక్తం పడుతోందని భార్యకు కూడా చెప్పుకోని మగవాళ్లు, దాన్ని మొలలనుకుని పసరు మందులు తాగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇలాంటి జబ్బుల సంస్థకు ఏ అంకెను నమ్మాలో నిర్ణయించడమే ధర్మకర్తల మొదటి బాధ్యత. అంకె తప్పయితే ఎంత మంచి మనసున్నా డబ్బు తప్పు చోటికి పోతుంది.

ఉదాహరణకు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని తీసుకుందాం. అల్సర్ అంటే కారం వల్ల, ఆలోచనల వల్ల వస్తుందని లోకమంతా నమ్ముతున్న కాలంలో, కడుపు గోడలో కాపురముండే ఈ సూక్ష్మజీవే చాలా పుండ్లకు కారణమని ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ తేల్చారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ తానే ఆ సూక్ష్మజీవుల ద్రావణం తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంతకు చాలా ముందే, 1994లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని కడుపు క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మన దేశంలో చిన్నతనంలోనే ఇది చాలామందికి సోకుతుంది. అందరికీ జబ్బు చేయదు. పుండు పడ్డవాళ్లకు మాత్రం దీన్ని తొలగించకపోతే పుండు మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది.

చికిత్స సాధారణంగా 14 రోజులు. ఆమ్లం తగ్గించే మాత్రతో పాటు కనీసం రెండు యాంటీబయాటిక్‌లు, రోజుకు రెండుపూటలా. నోరు చేదవుతుంది, వికారం పుడుతుంది. ఐదో రోజుకే మంట తగ్గుతుంది కాబట్టి రోగి ఆరో రోజు మానేస్తాడు. మగ్గం దగ్గర కూర్చోవాలి కదా, నీరసంగా ఉంటే కూలి పోతుంది. సగం మందుతో సూక్ష్మజీవి చావదు సరికదా, మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. మందు పూర్తయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, ఊపిరి పరీక్షో మల పరీక్షో చేస్తేనే జబ్బు పోయిందని రూఢి అవుతుంది. అంటే మందు మొదలైన 42వ రోజు ప్రాంతంలో ఆ మనిషి మళ్లీ రావాలి. మంట లేని మనిషి ఒక రోజు కూలి మానుకుని, బస్సెక్కి, పరీక్షకు వస్తాడా? ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఇంటికెళ్లి, చార్జీ ఇచ్చి తీసుకొస్తే వస్తాడు.

ఇక్కడే మంచి ధర్మకర్తకూ పేరుకు ధర్మకర్తకూ తేడా తెలుస్తుంది. ఆదివారం పూట పాఠశాలలో ఉచిత శిబిరం పెట్టి, 300 మందికి మాత్రలు పంచి, బ్యానర్ కింద ఫొటో దిగితే పత్రికలో వార్త వస్తుంది. ఆ 300 మందిలో ఎండోస్కోపీకి ఎందరు వెళ్లారు, 14 రోజుల మందు ఎందరు పూర్తిచేశారు, 42వ రోజు ఎందరు వచ్చారు అని వచ్చే సమావేశంలో అడిగే ధర్మకర్త ఉంటే శిబిరం రూపమే మారిపోతుంది. బ్యానర్‌కు పోయే డబ్బు ఫోన్ చేసే మనిషి జీతానికి మళ్లుతుంది. ఇలా అడిగేవాళ్లు బోర్డులో ఎవరికీ అంత ప్రియంగా ఉండరని తెలుసు. అయినా అడగాలి. ఆ అడగడమే వాళ్లు చేసే దానం.

మరి బోర్డులో ఎవరు కూర్చోవాలి? మన ట్రస్టుల్లో మామూలుగా పెట్టినాయన కుటుంబం, ఒక ఆడిటరు, ఒక రిటైర్డ్ అధికారి, ఒక డాక్టరు ఉంటారు. కుటుంబ బోర్డు మేలు చేయదని నేననను. అరవింద్ నిలిచిందే కుటుంబం బలం మీద. కానీ అలాంటి కుటుంబం నూటికి ఒకటి. మిగతా చోట్ల పెద్దాయన పోయాక అన్నదమ్ముల తగవు ట్రస్టులోకి వస్తుంది. డాక్టరు విషయంలో ఇంకో చిక్కు. జీర్ణకోశ నిపుణుడు లేకుండా ఇలాంటి సంస్థ గుడ్డిదే. అయితే ఆయన సొంత ఆసుపత్రికే శిబిరం రోగులు పోతుంటే, ఆయన రాసే కంపెనీ మందులే ట్రస్టు కొంటుంటే ఆ లోపం ఎవరు చూపిస్తారు? ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు ఆయన లేచి బయటికి వెళ్లాలని, ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయాలని ట్రస్టు దస్తావేజులోనే పెట్టుకోవాలి. మర్యాద కోసం దీన్ని వదిలేసే బోర్డులు చాలా ఉన్నాయి.

రోగులు కూడా బోర్డులో ఉండాలి. బ్రిటన్‌లో జీర్ణకోశ వైద్యులు 1971లో పెట్టిన బ్రిటిష్ డైజెస్టివ్ ఫౌండేషన్ పేర్లు మారుతూ నేడు గట్స్ యూకేగా నడుస్తోంది. పేగు పూత, క్రోన్స్ జబ్బు ఉన్నవాళ్ల జాతీయ సంఘం అక్కడ 1979లో వచ్చింది. ఇలాంటి సంస్థల ధర్మకర్తలు అక్కడ మామూలుగా జీతం లేకుండా పనిచేస్తారు. రోగంతో బతికేవాళ్లకూ బోర్డులో చోటుంటుంది. రోజుకు పదిసార్లు మరుగుదొడ్డికి పరుగెత్తే మనిషికి బస్టాండులో శుభ్రమైన మరుగుదొడ్డి ఎంత ముఖ్యమో ఏ నిపుణుడూ ఆ మనిషిలా చెప్పలేడు. ఆండిపట్టిలో అయితే మగ్గం నేసే ఒక ఆడమనిషి, అల్సర్ తగ్గిన ఒక రైతు బోర్డులో ఉంటే, ఇంట్లో తెలుగు మాట్లాడి బయట తమిళం రాసే ఈ ఊళ్ల మనుషులతో ఏ మాట ఎలా చెప్పాలో వాళ్లే చెబుతారు. బోర్డుకు వచ్చిన రోజు కూలి ఇస్తే తప్పేమీ లేదు; అది జీతం కాదు, పోయిన కూలి.

చట్టం ఈ విషయంలో మనకు పెద్దగా తోడు రాదు. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ ప్రైవేటు ట్రస్టుల కోసం రాసింది. దస్తావేజులో లేకుండా ధర్మకర్త ప్రతిఫలం తీసుకోకూడదని, ట్రస్టు ఆస్తితో సొంత లాభం చూసుకోకూడదని అది చెప్పిన సూత్రాలను ప్రజా ట్రస్టులకూ కోర్టులు వర్తింపజేస్తున్నాయి. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ప్రజా ట్రస్టులన్నిటినీ చూసే చారిటీ కమిషనర్ ఉన్నారు. తమిళనాడులో గుళ్లకూ హిందూ ధర్మాదాయాలకూ దేవాదాయ శాఖ ఉంది కానీ, మతంతో సంబంధం లేని వైద్య ట్రస్టుకు అలాంటి అధికారి లేరు. అడిగేది ప్రధానంగా ఆదాయపు పన్ను శాఖే: ఆదాయంలో 85 శాతం ధర్మానికి ఖర్చయిందా, ధర్మకర్తల బంధువులకు లాభం చేరిందా అని. ఆ డబ్బు జబ్బు తగ్గించిందా అని ఆ శాఖ అడగదు, అది దాని పని కూడా కాదు. మోసం జరిగితే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. ఊరివాళ్లకు ఈ హక్కు ఉన్న సంగతే చాలామందికి తెలియదు. ఉన్నా అది దొంగతనానికి మందు, నిర్లక్ష్యానికి కాదు. అందుకే నిఘా బోర్డు లోపలే ఉండాలి.

డబ్బు గురించి ఒక మాట. 2013 కంపెనీల చట్టం వచ్చాక, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. కోయంబత్తూరు, మదురైలలో ఆ డబ్బు ఉంది. అది సహజంగా యంత్రం కొనడానికి, భవనం కట్టడానికి మొగ్గుతుంది, పేరు చెక్కించుకోవచ్చు కాబట్టి. ఆండిపట్టికి ఇంకో ఎండోస్కోపీ యంత్రం కన్నా కానావిలక్కు ఆసుపత్రిలో ఉన్నదాని దాకా రోగిని నడిపించే మనిషి అవసరం. కొనడం కన్నా నడపడానికి డబ్బడగడం కష్టం. ఆ కష్టం ధర్మకర్తలే పడాలి. ఇంకో ఇబ్బందికరమైన సంగతి మద్యం. రాష్ట్రంలో చిల్లర మద్యం అమ్మకం 2003 నుంచి ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలో ఉంది. కాలేయం చెడిన మగవాళ్ల గురించి మాట్లాడకుండా ఇక్కడ జీర్ణకోశ ఆరోగ్యం అనడం సగం మాట. ప్రభుత్వంతో, దాతలతో మొహమాటానికి పోయి ఆ సగం మింగేసే బోర్డు రోగికి ద్రోహం చేసినట్లే.

మొదలుపెట్టడానికి పెద్ద హంగు అక్కర్లేదు. ఏడుగురు ధర్మకర్తలు చాలు. మూడేళ్ల పదవీకాలం, వరుసగా రెండుసార్లకు మించకుండా. పెట్టినాయన కుటుంబం నుంచి ఇద్దరికి మించి వద్దు. కానావిలక్కు ఆసుపత్రి బయటి రోగుల విభాగం దగ్గర ఒక మనిషి, ఒక ఫోను, ఒక రిజిస్టరు. పిల్లల విరేచనాలకు ఓఆర్ఎస్ కలపడం తల్లులకు నేర్పే అంగన్‌వాడీలతో ఒక ఒప్పందం. మూడు నెలలకోసారి సమావేశం. అందులో మొదటి అంశంగా జమాఖర్చు కాదు, 42వ రోజు పరీక్షకు రానివాళ్ల పేర్లు చదవాలి. ఎందుకు రాలేదో కనుక్కుని వచ్చే బాధ్యతను ఆ గదిలోని ధర్మకర్తలే, జీతగాళ్ల మీద నెట్టకుండా, తలా ఇద్దరి చొప్పున పంచుకోవాలి.