స్వీయ పరిశీలన పత్రం ఎవరి సొత్తు?

శిక్షణ తరగతులలో ఉద్యోగుల చేతికి ఒక కొత్త తరహా ప్రశ్నపత్రం వస్తున్నది. అందులో ఒప్పు, తప్పు అనేవి ఉండవు. జతలు జతలుగా వాక్యాలుంటాయి. ప్రతి జతలోను తన నడవడికి దగ్గరగా ఉన్న వాక్యాన్ని ఉద్యోగి గుర్తించాలి. చివర అంకెలు కూడుకొంటే, తగవు వచ్చినప్పుడు అతడు ఎదిరించే మనిషా, సర్దుకుపోయే మనిషా అన్నది తేలుతుందంటారు. మరొక పత్రం విని నేర్చుకొనేవాడా, చేసి నేర్చుకొనేవాడా అన్నది తేలుస్తుందంటారు. మన సభ్యులలో కొందరు ఇది కాలక్షేపమని నవ్వి పక్కన పెడుతున్నారు. మరికొందరు ఇది పైవారు పన్నిన మరొక వల అని అనుమానిస్తున్నారు. ఈ రెండు వైఖరులతోను మేము ఏకీభవించడం లేదు. ఉద్యోగి చేతిలో ఉన్నంత వరకు ఈ పత్రం అతనికి పనికివచ్చే వస్తువే. అధికారి సొరుగులోకి చేరిన నాడు అది వేరొక వస్తువు అవుతుంది.

బస్తరులోని గీదం వంటి చోటును తీసుకొందాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో నిర్మించిన కొత్తవలస-కిరండూల్ మార్గంలో గీదం ఒక స్టేషను. ఈ మార్గం దశాబ్దాల పాటు వాల్తేరు డివిజనులో ఉన్నందువల్ల తెలుగు ఉద్యోగులు ఎందరో బదిలీలపై అక్కడికి వెళ్లి పనిచేశారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏర్పాటు ఈ మార్గాన్ని రాయగడ కేంద్రంగా ఏర్పడే డివిజనుకు కేటాయించింది. పోస్టాఫీసు సంగతి వేరు, అది ఛత్తీస్‌గఢ్ సర్కిలు కిందిది. డ్యూటీలో తెలుగు, ఒడియా, హిందీ. బజారులోకి అడుగుపెడితే హల్బీ, గోండి. ఇన్ని భాషలు కలిసే చోట ఒకరి మాట మరొకరికి కటువుగా వినిపించడం వింత కాదు. తెలుగు మాత్రమే చదవగలిగిన ట్రాక్‌మన్‌కు సూచనలన్నీ హిందీలోనో ఇంగ్లీషులోనో ఇచ్చి, పిమ్మట పరీక్షించి, ‘ఇతడు చదివి నేర్చుకొనే తరహా మనిషి కాడు’ అని రాసుకొంటే, ఆ లోపం మనిషిదా, కాగితానిదా? పత్రం అంకెను చెబుతుంది. ఆ అంకెకు కారణం అందులో ఉండదు.

తగవుల విషయంలో ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రశ్నావళిని అమెరికాలో కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్మన్ అనే ఇద్దరు 1974లో రూపొందించారు. అందులో 30 జతల వాక్యాలు. తన కోరికను ఎంత గట్టిగా నిలబెట్టుకొంటాడు, ఎదుటివాని కోరికను ఎంత పట్టించుకొంటాడు అన్న రెండు కొలతలపై ఐదు తీరులను వారు విడదీశారు: పోటీపడడం, కలిసి పరిష్కరించడం, చెరిసగం రాజీ, తప్పుకోవడం, సర్దుకుపోవడం. వీటిలో ఏదీ స్వతహాగా మంచిది కాదు, చెడ్డదీ కాదు, సందర్భమే నిర్ణయిస్తుందని ఆ కర్తలే చెప్పారు. మన తరగతులలో ఈ ఒక్క మాటనే మరచిపోతుంటారు.

రైల్వే పనిలో దీని అర్థం తేలికగా తెలుస్తుంది. రైలు రావలసి ఉండగా గేటు తెరవమని ఎంత పెద్దమనిషి కారు హారను మోగించినా గేట్‌మన్ సర్దుకుపోరాదు. ప్రైవేటు నంబరు ఇచ్చి పుచ్చుకొనే విషయంలో స్టేషను మాస్టరుకు, అతనికి నడుమ చెరిసగం రాజీ అనేది లేదు. అదే ఇద్దరి మధ్య పండుగ సెలవు ఎవరికన్న పేచీ వస్తే, అక్కడ పట్టుదల చూపడం మూర్ఖత్వం; ఈ దసరా నీకు, వచ్చే సంక్రాంతి నాకు అనుకొంటే సరిపోతుంది. ఒకే మనిషి ఒకే దినాన రెండు తీరులు అవలంబించవలసి ఉంటుంది. తనకు ఏది అలవాటో తెలిసినవాడు, ఆ అలవాటు చెల్లని చోట జాగ్రత్తపడగలడు. ఈ పత్రం వల్ల కలిగే మేలు ఇదే, ఇది చిన్న మేలు కాదు.

మనలో హెచ్చుమంది తీరు తప్పుకోవడమే అని మా అభిప్రాయం. ‘ఎందుకొచ్చిన గొడవ’ అన్న మాట మన కార్యాలయాలలో వినిపించని పూట లేదు. కాగితంపై 4 గంటలో 5 గంటలో పని అని రాసి ఉన్న గ్రామీణ డాక్ సేవక్, ఖాతాల లక్ష్యం పూర్తి చేయమన్న ఒత్తిడితో పొద్దుగూకే వరకు ఊళ్లు తిరిగి, ఆ అదనపు గంటలను ఎక్కడా రాయకుండా ఊరుకొంటాడు. ఇట్టివానికి ప్రశ్నావళిలో సర్దుకుపోవడం కింద పెద్ద అంకె వస్తుంది. అది అతని స్వభావమని శిక్షకుడు అంటాడు. నోరు విప్పితే ఉన్న కాస్త ఆధారమూ పోతుందేమోనన్న భయం అని మేము అంటాము. అట్లే 12 గంటల రోస్టరులో నలిగిన గేట్‌మన్ చిరాకుపడితే అతని వ్యక్తిత్వాన్ని పరీక్షించడం కంటె ముందు పని గంటల నిబంధనల కింద జాబ్ ఎనాలిసిస్ జరిపించాలి.

ఆ ప్రశ్నావళి పుట్టిన 1974వ సంవత్సరంలోనే మన దేశంలో రైల్వే కార్మికులు మే 8 నుంచి 20 రోజులు సమ్మె చేశారు. వారు ఎదిరించే స్వభావం కలవారై సమ్మెకు దిగలేదు. చర్చలు ఇంకా ముగియకమునుపే మే 2న జార్జి ఫెర్నాండెజ్‌ను, ఇతర నాయకులను అరెస్టు చేశారు. కలిసి పరిష్కరించుకొందామన్నవారి ఎదుటి కుర్చీ ఖాళీ అయినప్పుడు, ఐదు తీరులలో ఏది మిగిలి ఉంటుంది? ఇద్దరి బలాబలాలు సమానమన్న ఊహపై కట్టిన కొలత అసమానత ఉన్న చోట అరకొరగానే పనిచేస్తుంది.

ఇక నేర్చుకొనే తీరుల సంగతి. డేవిడ్ కోల్బ్ 1970వ దశకంలో ఒక పత్రం తయారుచేశాడు. బ్రిటనులో హనీ, మంఫోర్డ్ 1980వ దశకంలో 80 వాక్యాలతో మరొకటి తెచ్చారు. న్యూజిలాండులో నీల్ ఫ్లెమింగ్ కన్ను, చెవి, చదువు, చేత అన్న నాలుగు విభాగాలు చేశాడు. 2004లో బ్రిటిషు పరిశోధకులు లెక్కపెట్టగా ఇట్టి పద్ధతులు 71 తేలాయి! 2008లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు నలుగురు ఈ వాదాన్ని పరిశీలించి, మనిషి తీరును బట్టి బోధనను మారిస్తే ఫలితం పెరుగుతుందనడానికి తగిన రుజువు లేదని తేల్చారు. మనుష్యులకు ఇష్టాలు ఉంటాయి, అది నిజం. ఇష్టమైన దారిలోనే విద్య అబ్బుతుందన్నది రుజువు కాలేదు. కనుక శాఖా పరీక్షకు చదువుతున్న పోస్టల్ సోదరులు, సోదరీమణులు ‘నేను చెవితో నేర్చుకొనే తరహా’ అని పుస్తకం మూయనక్కరలేదు. నియమాన్ని చదివి, పుస్తకం మూసి, తనకు తాను ఒప్పచెప్పుకొని, నాలుగు దినాల తరువాత మళ్లీ ఒప్పచెప్పుకొనే పద్ధతి అన్ని తరహాలవారికీ మేలు చేస్తుంది. మన వీధిబడి పంతుళ్లకు ఈ సంగతి ఏ ప్రశ్నావళీ లేకుండానే తెలుసు.

ఇట్టి ప్రయోగాలు తెలుగువారికి బొత్తిగా కొత్తవి కావు. 1964 ప్రాంతంలో హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సాయంతో కాకినాడ వ్యాపారులకు తరగతులు జరిపాడు. వారు బొమ్మలను చూసి కథలు రాయాలి. ఆ కథలలో సాధించాలన్న తపన ఎంత ఉన్నదో తామే లెక్కించుకోవాలి. తరువాత వారిలో చొరవ పెరిగిందని 1969లో ఆయన, డేవిడ్ వింటర్ కలిసి గ్రంథం ప్రకటించారు. కావచ్చు. కాని ఆ వ్యాపారి దుకాణం అతనిది, పెట్టుబడి అతనిది. తన్ను తాను తెలుసుకొన్న మరునాడే మార్పు చేయగలడు. గీదంలో డ్యూటీ చేసే పాయింట్స్‌మన్ తన్ను తాను ఎంత తెలుసుకొన్నా రోస్టరును తానుగా మార్చుకోలేడు. అతడు పది మందితో కలిసి అడగవలసిందే.

మరొక సంగతి ముఖ్యం. కాకినాడలో లెక్కించినదీ, లెక్క తెలిసినదీ రాసినవారికే. మన శాఖలలో సంప్రదాయం ఇందుకు విరుద్ధం. ఉద్యోగిని గూర్చిన రహస్య నివేదికలో ప్రతికూలమైన మాట ఉంటే తప్ప అతనికి చూపేవారు కారు. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ప్రతి వ్యాఖ్యను ఉద్యోగికి తెలపాలని తీర్పు చెప్పిన పిమ్మట, 2009 మే నెల ఉత్తర్వుతో పూర్తి నివేదికను చూపడం మొదలైంది. వెనుక దారిన మరొక రహస్య నివేదిక రావడానికి మేము సమ్మతించము. అసిస్టెంట్ లోకో పైలట్‌కు, స్టేషను మాస్టరుకు ఉన్న ఆప్టిట్యూడ్ పరీక్ష విషయం వేరు: అది భద్రతకు సంబంధించినది, దాని నియమాలు, కనీస మార్కులు ముందే ప్రకటితం. స్వీయ పరిశీలన పత్రంలో ఉద్యోగి మనసు విప్పి గుర్తులు పెట్టుకొంటాడు. అది బదిలీకో పదోన్నతికో ఆధారం అవుతుందని తెలిస్తే ఎవడూ నిజం రాయడు. రాయనప్పుడు ఆ పత్రం ఎవరికీ అక్కరకు రాదు.

మన శాఖా కార్యదర్శులు ముందుగా తామే దీనిని ప్రయత్నించాలని కోరుతున్నాము. ప్రతి సమస్యకూ నినాదమే జవాబని నమ్మే కార్యదర్శులు మనలోనూ ఉన్నారు. అధికారి టీ ఇచ్చి కూర్చోబెడితే వెళ్లిన పనినే మరచి వచ్చేవారూ ఉన్నారు. పి.ఎన్.ఎం. సమావేశానికి వెళ్లబోయే ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తమ అంకెలు చూసుకొంటే, ఏ అంశాన్ని ఎవరు మాట్లాడాలో నిర్ణయించుకోవచ్చు.

శిక్షణాలయాలు ఈ పత్రాలను వాడదలిస్తే తెలుగు, ఒడియా, హిందీలలో అచ్చు వేయించాలి. పేరుగాని ఉద్యోగి సంఖ్యగాని అడగరాదు. నింపిన పత్రాన్ని ఉద్యోగే ఇంటికి తీసుకుపోవాలి. కంప్యూటరుపై నింపించినా నకలు మరెక్కడా నిలువ ఉంచరాదు. రైల్వేలో డివిజను స్థాయి పి.ఎన్.ఎం.లోను, తపాలా శాఖలో జె.సి.ఎం.లోను రానున్న సమావేశాలకు ఈ అంశాన్ని రాతపూర్వకంగా పంపవలసిందిగా అన్ని శాఖలను కోరుతున్నాము.