పిల్లి షౌక్ సరే, దువ్వే సబర్ ఉందా?



కర్నూలులో, కడపలో మా బంధువుల ఇళ్లకు వెళ్తే ఈమధ్య పిల్లలు ముందుగా చూపించేది పొడవాటి వెంట్రుకల పర్షియన్ బిల్లీనే. పిల్లి మీద మొహబ్బత్ మనకు కొత్త కాదు. హజ్రత్ అబూ హురైరా (రజి.) కునియత్‌లోనే పిల్లి ఉంది. పిల్లి నజిస్ కాదని, మన మధ్య తిరిగే ప్రాణి అని హజ్రత్ అబూ ఖతాదా (రజి.) ఉల్లేఖనం చెబుతుంది. కాబట్టి షౌక్‌ను నేను తప్పుపట్టను. నా శికాయత్ వేరే. పిల్లిని తెచ్చుకుంటున్నాం గానీ, దాని వెంట్రుకల జిమ్మేదారీ తీసుకోవడం లేదు.

మొన్న ఈద్‌కు కడపలో మా ఫుప్పు ఇంటికి వెళ్లాను. నల్లని కడప బండల మీద, ఫ్యాను కింద తెల్లటి పిల్లి పడుకుని ఉంది. నిమరబోతే ఫుప్పు ఆపింది. "వద్దు బేటా, దానికి గుస్సా ఎక్కువ, కరుస్తుంది." మెల్లగా పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. చంకల్లో, వెనక తొడల దగ్గర వెంట్రుకలు నమ్దాలాగా, ఒత్తిన ఉన్నిలాగా గట్టిపడి ఉన్నాయి. అడుగు వేసినప్పుడల్లా ఆ ఉండలు చర్మాన్ని లాగుతున్నాయి. అది గుస్సా కాదు, దర్ద్.

ఇంట్లో బ్రష్ లేదా అంటే ఉంది. గులాబీ రంగు ప్లాస్టిక్ బ్రష్, రోజూ వాడుతున్నారు కూడా. వీపు పట్టులా మెరుస్తోంది. గల్తీ అక్కడే ఉంది. ఈ పిల్లులకు పైన పొడవాటి వెంట్రుకలు, అడుగున మెత్తటి దూదిలాంటి పొర ఉంటాయి. రాలిన దూది బయటికి రాక లోపలే చుట్టుకుని చిక్కు పడుతుంది. మెత్తటి బ్రష్ పైపైనే జారిపోతుంది.

అందుకే నా రాయ్ ఇది: ముందు బ్రష్ కాదు, స్టీలు దువ్వెన కొనండి. ఒక వైపు వెడల్పు పళ్లు, ఇంకో వైపు సన్నని పళ్లు ఉండేది, పళ్ల కొనలు గుండ్రంగా ఉండేది. చర్మం దాకా దిగి, చిక్కు ఎక్కడుందో మీ చేతికి చెప్పేది అదే. రెండోది సన్నని వంగిన తీగలుండే స్లిక్కర్ బ్రష్. కొనేముందు మీ ముంజేతి లోపలి వైపు గీసుకుని చూడండి. మీకు గుచ్చుకుంటే దానికీ గుచ్చుకుంటుంది. బ్లేడు ఉండే డీషెడ్డింగ్ బ్రష్‌లు మంచి వెంట్రుకల్ని కూడా కోస్తాయి, రోజూ వాడేవి కావు. రబ్బరు చేతి తొడుగు పొట్టి వెంట్రుకల పిల్లికి చాలు, దీనికి చాలదు.

మన సీమ ఎండు గాలికి ప్లాస్టిక్ పళ్లతో దువ్వితే కరెంటు పుట్టి వెంట్రుకలు లేచి నిలబడతాయి, ఇంకా చిక్కుపడతాయి. దువ్వేముందు కొద్దిగా నీళ్లు చిలకరించండి. పిల్లి పెరట్లోకి వెళ్లివస్తే పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు అంటుకున్నాయేమో వేళ్లతో వెతకండి.

చిక్కు ఉంటే మొదలు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, కొనల నుంచి కొద్దికొద్దిగా విప్పండి. కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లితే సులువవుతుంది. ముందే స్నానం చేయించకండి, తడిస్తే చిక్కు బిగుస్తుంది. కత్తెర అసలే వద్దు. పిల్లి చర్మం పల్చన, ఉండతో పాటు అదీ తెగుతుంది. విప్పలేనంత గట్టిపడితే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకో మాట, కుక్కలకు వేసే గోమార్ల పౌడరు పిల్లికి వేయకండి. వాటిలో కొన్నింటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లికి జహర్.

"గర్మీ కదా, గుండు కొట్టిస్తే పోదా?" అని కొందరు అడుగుతారు. ఆ వెంట్రుకలు ఎండ నుంచి చర్మానికి పర్దా కూడా. దువ్వి పల్చన చేస్తే గాలి ఆడుతుంది. గుండు చివరి ఇలాజ్, ఏటేటా చేసే ఆదత్ కాకూడదు.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, వదిలిపెట్టక చంపిన స్త్రీ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మనం తిండి పెడుతున్నాం, అల్‌హందులిల్లాహ్. కానీ తన నాలుకతో తాను తీర్చుకోలేని చిక్కుల్లో ఒక జాన్‌దార్‌ను వదిలేస్తే, హక్కు తీరినట్టేనా?

అందుకే, పర్షియన్ పిల్లి కావాలని పిల్లలు జిద్ చేస్తే ముందు ఒక దువ్వెన చేతికివ్వండి. "రోజూ ఇషాకు ముందు పది నిమిషాలు, ఎవరు దువ్వుతారు?" అని అడగండి. జవాబు రాకపోతే నాటు పిల్లిని పెంచుకోండి. దానికి అల్లాహ్ ఇచ్చిన నాలుకే దువ్వెన. మొహబ్బత్‌లో అది దేనికీ కమ్ కాదు.

మా ఫుప్పు ఇప్పుడు స్టీలు దువ్వెన తెప్పించింది. నిన్న ఫోన్‌లో చెప్పింది: "కరవడం లేదు బేటా, ఒళ్లోకి వస్తోంది."