ఉపన్యాసశాలకు మనమును పోవుదము

“మాకేమి తెలియును? మీరు పోయి విని వచ్చి చెప్పుడు.” పట్టణమున పెద్దల యుపన్యాసమున్నదని తెలిసినప్పుడు మన యిండ్లలో తఱచుగా వినవచ్చు మాట యిది. భర్తయు పిల్లలును పోవుదురు; ఇల్లాలు వంటయింట నిలిచిపోవును. ఈ మాటను గూర్చి యీ నెల సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి.

అమెరికా దేశమున కమ్యూనిటీ కాలేజీలను విద్యాలయములు కలవు. వీనిలో ముఖ్యముగా రెండేండ్ల చదువు చెప్పుదురు. ఉద్యోగము చేయువారును, బిడ్డల తల్లులును గూడ చేరి చదువుకొనవచ్చును. కాలిఫోర్నియా రాష్ట్రమున లాస్ ఆల్టోస్ హిల్స్ అను నూరిలోని ఫుట్‌హిల్ కాలేజీ యట్టిది. అచ్చట ఖగోళశాస్త్రము బోధించిన ఆండ్రూ ఫ్రాక్నాయ్ గారి పూనికతో 1999వ సంవత్సరమున ఉచితోపన్యాసములు మొదలైనవి. శాస్త్రజ్ఞులు అతిథులుగ వచ్చి, బొమ్మలు చూపుచు, ఎల్లరకును తెలియు మాటలలో తమ పరిశోధనలను వివరించుచు వచ్చిరి. తుదను శ్రోతలు ప్రశ్నలడుగవచ్చును.

అట్లు ప్రసంగించినవారిలో నటాలీ బటాల్యా యను విదుషీమణి యొకరు. 2009లో ఆకాశమునకు పంపబడి 2018 దాక పనిచేసిన కెప్లర్ అను దూరదర్శినితో ఇతర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములను వెదకినవారిలో ఈమె ముఖ్యురాలు. వెదకిన విధము ఇల్లాండ్రకు సులభముగనే తెలియును. దీపము ముందునుండి పురుగు పోయినప్పుడు వెలుగు రవంత తగ్గును గదా! నక్షత్రమునకు గ్రహము అడ్డము వచ్చినప్పుడును అంతియే. కాని సూర్యునివంటి నక్షత్రమునకు భూమియంత గ్రహము అడ్డమైనచో తగ్గు వెలుగు పదివేల పాళ్లలో ఒక పాలు మాత్రము. లక్షన్నరకు మించిన నక్షత్రములను కనిపెట్టి చూచి, కెప్లర్ 2,600కు పైగా గ్రహములను బయటపెట్టినది. అందు కెప్లర్-10బి యను రాతిగ్రహమును 2011లో ప్రకటించిన బృందమునకు ఈమెయే నాయకురాలు.

ఈమె తొలుత కళాశాలలో చేరినది వాణిజ్యము చదువుటకు. నేలపై నొలికిన నూనెలో కనబడు ఇంద్రధనుస్సు రంగులను గణితముతో వివరింపవచ్చునని తెలిసిన దినమున ఈమె మనసు భౌతికశాస్త్రమువైపు మఱలినది. పిమ్మట నలుగురు బిడ్డల తల్లియై, సంసారమును శాస్త్రమును రెంటిని నడపినది.

ఆ రంగులను మనము చూడలేదా? వానకాలమున వీధిలో ఎన్నిమారులో చూచితిమి. చీరకుచ్చెళ్లు పైకెత్తుకొని దాటి పోయితిమి. ఇట్టి రంగు ఎందులకు కలిగినదని యడుగువారు కావలెను, అడుగుటకు తావు కావలెను. మంచి వక్త మనకు చేయు మేలు మెప్పుమాటలు చెప్పుట కాదు. తాను బయలుదేరిన చోటు మన గుమ్మమునకు దూరము కాదని చూపుట.

“మీరు విని వచ్చి చెప్పుడు” అను ఇల్లాలికి ఒకరు విని తెచ్చినది మాత్రము దక్కును. ఆమె మనసులోని ప్రశ్నను సభలో ఆమె తప్ప మఱియెవ్వరును అడుగరు. రుసుము లేని ద్వారమును గూడ మనకు మనమే మూసికొనుట న్యాయమా?

ఇంటిపని లేదని మేమనము. వారమున కొకసాయంకాలము వంట పెందలకడ ముగియుటకు ఇంటివారందఱును చేయి కలుపవలెను. అది యిల్లాలికి చేయు దయ కాదు, ధర్మము. సన్నీవేల్, కూపర్టినో మొదలగు చోట్ల కాపురమున్న మన తెలుగు సోదరీమణులకు పైని చెప్పిన కాలేజీ చేరువనే యున్నది. స్వదేశమున నున్నవారు అచ్చటి ఉపన్యాసములను పెక్కింటిని యూట్యూబులో వినవచ్చును. కాని మన యూరి కళాశాలలో సభ జరిగినప్పుడు స్వయముగ పోవుటయే మేలు. యంత్రము మన ప్రశ్నను వక్త చెవిని వేయదు.

ఈమారు ఆహ్వానపత్రము వచ్చినప్పుడు పిల్లల చేయి పట్టుకొని మీరును పొండు. తెలియని మాట వచ్చినచో సిగ్గుపడక లేచి యడుగుడు. తల్లి ప్రశ్న అడుగగా చూచిన బిడ్డకు ప్రశ్న అడుగుట వేఱుగ నేర్పనక్కఱలేదు.